ఎవరో అమర్చిన ఇంట్లో మన నిద్ర

అద్దెకు తీసుకున్న ఫర్నిష్డ్ ఫ్లాటులో మంచం ఉంటుంది, పరుపు ఉంటుంది, బీరువా, సోఫా, ఫ్రిజ్, గోడకు టీవీ, వంటగదిలో గ్యాస్ పొయ్యి, అన్నీ ఉంటాయి. నిద్ర మాత్రం రాదు. అర్ధరాత్రి దాటినా కళ్ళు మూతపడకపోతే "కొత్త చోటు కదా" అని సరిపెట్టుకుంటాం. ఆ మాట వెనక మెదడులో నిజంగా ఏం జరుగుతోందో 2016లో కొంత స్పష్టంగా తెలిసింది.

అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మసాకో టమాకి, యుకా ససాకి తమ బృందంతో కలిసి కొందరిని ప్రయోగశాలలో పడుకోబెట్టి మెదడు తరంగాలను నమోదు చేశారు. గాఢనిద్రలో నెమ్మదైన, పెద్ద తరంగాలు వస్తాయి. మొదటి రాత్రి ఆ తరంగాలు మెదడు రెండు సగాల్లోనూ సమానంగా లేవు. ఎడమ సగంలోని ఒక వ్యవస్థలో అవి బలహీనంగా ఉన్నాయి, అంటే అక్కడ నిద్ర పలచగా ఉంది. కుడి చెవి నుంచి వచ్చే సమాచారం ప్రధానంగా ఎడమ సగానికి చేరుతుంది. అందుకే కుడి చెవిలో వింత శబ్దం వినిపించినప్పుడు వాళ్ళు తొందరగా లేచారు. వారం తరువాత అదే చోట పడుకోబెడితే ఈ తేడా కనిపించలేదు. డాల్ఫిన్లు, కొన్ని పక్షులు సగం మెదడుతో నిద్రపోతూ మిగతా సగంతో కాపలా కాస్తాయని ముందే తెలుసు. మనలోనూ ఆ కాపలా ఛాయ కొంత మిగిలి ఉందన్నమాట. నిద్ర మీద పరిశోధన చేసేవాళ్ళకు ఈ "మొదటి రాత్రి ప్రభావం" 1960ల నుంచే తెలుసు. అందుకే చాలా ప్రయోగాల్లో మొదటి రాత్రి కొలతలను పక్కన పెట్టేవారు.

కాబట్టి ఇల్లు అనిపించడం అనేది కేవలం మనసుకు సంబంధించిన మెత్తటి విషయం కాదు. మన కళ్ళు, చెవులు, ముక్కు, చర్మం కలిసి "ఇక్కడ ప్రమాదం లేదు" అని మెదడుకు నమ్మకం కలిగించడమే. అలా నమ్మించడానికి కొన్ని పనులు చెయ్యవచ్చు. గోడకు మేకు కొట్టకూడదనే షరతు ఉన్నా సరే.

వాల్తేరు నుంచి బిలాస్‌పూర్ దాకా

ఈ కథను ఛత్తీస్‌గఢ్‌లోని బోద్రీలో చెప్పుకోవడానికి కారణం ఉంది. బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్ళే దారిలో ఉన్న చిన్న పట్టణం ఇది. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఇక్కడే ఉంది. పక్కన చకర్‌భాఠాలో విమానాశ్రయం ఉంది. అక్కడి నుంచి 2021 మార్చిలో ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. హౌరా, ముంబై ప్రధాన రైలుమార్గం దగ్గర్లోనే వెళ్తుంది. బిలాస్‌పూర్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది (ఈ జోన్ 2003 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టింది). కోల్ ఇండియాకు చెందిన సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేంద్రమూ అక్కడే. సీపత్‌లో ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం, కోనీలో గురు ఘాసీదాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. అంటే బదిలీల మీద బతికే ప్రాంతం. క్వార్టర్ వచ్చేదాకా ఆరు నెలలో, పిల్లల చదువు పూర్తయ్యేదాకా రెండేళ్ళో అద్దె ఇంట్లో గడిపేవాళ్ళు ఇలాంటి చోట ఎప్పుడూ ఉంటారు.

వాళ్ళలో తెలుగువాళ్ళు ఉండటం కొత్త కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను రైల్వే ఊరుగా మార్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాల్తేరు నుంచి కటక్ వైపు వెళ్ళే తూర్పు తీర మార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఒకే కంపెనీ కావడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవాళ్ళకు ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ ఉద్యోగపు ఊళ్ళయ్యాయి. 1930ల మొదట్లో విజయనగరం, రాయ్‌పూర్ లైను పూర్తవడంతో దారి ఇంకా దగ్గరయింది. ఆ పాతవాళ్ళు రేకు పెట్టె, పరుపు చుట్ట, రోలు, జాడీలతో ఖాళీ క్వార్టర్‌లోకి వచ్చేవారు. గదిలో ఉన్న ప్రతి వస్తువూ వాళ్ళదే. ఇప్పటి ఫర్నిష్డ్ ఫ్లాటుకు రెండు సూట్‌కేసులతో వచ్చేస్తున్నాం. మోత తగ్గింది నిజమే. కానీ ఇంట్లో మన చెయ్యి తగిలిన వస్తువంటూ ఒక్కటీ ఉండదు. ఇబ్బంది అక్కడ మొదలవుతుంది.

ముందు కిటికీ తియ్యండి

తలుపు తెరవగానే వచ్చే "కొత్త ఇంటి వాసన" చాలామందికి శుభ్రతకు గుర్తులా అనిపిస్తుంది. దాన్ని అలా చూడకపోవడమే మంచిది. అద్దె ఫ్లాట్లలో బీరువాలు, మంచాలు, వంటగది అరలు ఎక్కువగా చెక్కపొట్టు, చెక్కపీచు అదిమి చేసిన పలకలతో ఉంటాయి. వాటిని కలిపి ఉంచే జిగురు తరచుగా యూరియా, ఫార్మాల్డిహైడ్‌లతో తయారైనదే. వేడి, తేమ పెరిగినకొద్దీ ఆ జిగురు మెల్లగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. కళ్ళు మండటం, గొంతు గరగరలాడటం దీని మొదటి లక్షణాలు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఇంటి గాలిలో అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

భయపడి ఇల్లు ఖాళీ చెయ్యనక్కర్లేదు. ఈ వాయువు మొదటి నెలల్లో ఎక్కువగా వచ్చి క్రమంగా తగ్గుతుంది. దిగే ముందు రెండు మూడు రోజులు బీరువా తలుపులన్నీ తెరిచి, ఎదురెదురు కిటికీలు తీసి, ఫ్యాన్లు తిప్పి ఉంచితే చాలా లాభం. ఒకే ఒక్క కిటికీ తీస్తే గాలి వస్తుందేగాని పోదు.

చాలామంది ఈ పనికి మొక్కలు కొంటారు. 1989లో నాసా చేసిన ఒక అధ్యయనం దీనికి మూలం. చిన్న, మూసివున్న పెట్టెల్లో మొక్కలు కొన్ని వాయువులను తగ్గించాయి. మన గది మూసిన పెట్టె కాదు. తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్క వేశారు. గాలి మార్పిడితో పోటీ పడాలంటే ఒక్కో చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. వెయ్యి మొక్కలు పెట్టాక ఆ గదిలో మనం ఎక్కడ ఉంటామో వాళ్ళు చెప్పలేదు. మొక్క పెట్టుకోండి, కానీ కళ్ళ కోసం పెట్టుకోండి.

అదే కాకినాడ మధ్యాహ్నం

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఛత్తీస్‌గఢ్ మీదుగా, ఆంధ్ర తీరంలో కాకినాడ దగ్గర నుంచి వెళ్తుంది. బిలాస్‌పూర్ ఆ రేఖకు అరడిగ్రీ దూరంలోపే ఉంది. అంటే కాకినాడ నుంచి వచ్చినవారు దాదాపు తిన్నగా ఉత్తరానికే వచ్చారు. రెండుచోట్లా సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ ఒకటే, ఆ వేళకూ గడియారానికీ మధ్య సగటు తేడా రెండు నిమిషాలు దాటదు. మారేది ఎత్తు. అక్షాంశం ఐదు డిగ్రీలు పెరిగింది కనుక చలికాలంలో పగలు సుమారు 20 నిమిషాలు తగ్గుతుంది, వేసవిలో అంతే పెరుగుతుంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో సుమారు 45 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా వస్తుంది. జూన్‌లో మాత్రం దాదాపు నెత్తి మీదే ఉంటాడు. అప్పుడు దక్షిణపు కిటికీ నుంచి ఎండ రాదు, పడమటి కిటికీ నుంచి సాయంత్రం దాకా నిప్పులు వస్తాయి.

ఇంత లెక్క దేనికంటే, ఫర్నిష్డ్ ఇంట్లో మంచం ఎక్కడుందో అక్కడే ఉంచేస్తాం. యజమాని అక్కడ పెట్టాడు కాబట్టి అదే దాని చోటు అనుకుంటాం. ఒకరోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎక్కడ పడుతుందో చూసుకుని మంచాన్ని జరపండి. పడమటి గోడ పగలంతా వేడిని మింగి, కొన్ని గంటల ఆలస్యంగా రాత్రి గదిలోకి వదులుతుంది. తల ఆ గోడకు ఆనించి పడుకునేవారికి ఏసీ వేసినా ముఖానికి సెగ తగులుతూనే ఉంటుంది. మంచం జరపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక కరెంటు దీపం. అద్దె ఇళ్ళలో నీలం ఛాయ ఉన్న తెల్లటి ఎల్ఈడీలు, ట్యూబులే ఎక్కువ. వాటి రంగు ఉష్ణోగ్రత 6500 కెల్విన్ చుట్టూ ఉంటుంది. పాత ఫిలమెంటు బల్బు పసుపు వెలుగు 2700 దగ్గర ఉండేది. మన కంటి వెనక తెరలో చూపుతో పెద్దగా సంబంధం లేని ఒక రకం కణాలున్నాయని 2002లో నిర్ధారణ అయింది. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. ఆ కణాలు "ఇంకా పగలే" అని మెదడులోని గడియారానికి చెబుతాయి, నిద్రను పిలిచే మెలటోనిన్ వెనక్కి తగ్గుతుంది. రాత్రి ఎనిమిది తరువాత కూడా కార్యాలయంలా వెలిగే హాలు కొత్త చోటుకు అలవాటు పడకుండా అడ్డుపడుతుంది. రెండు వార్మ్ వైట్ బల్బులు, వాటిలో ఒకటి పైకప్పుకు కాకుండా మూలన టేబుల్ మీద. ఫ్లాటులో మీరు పెట్టే ఖర్చుల్లో ఇంతకంటే చవకైనది, ఇంతకంటే ఎక్కువ తేడా చూపేది మరొకటి లేదు. తీసిన బల్బులను డబ్బాలో దాచండి. అవి యజమానివి.

వట్టివేళ్ళు

మే నెలలో ఈ ప్రాంతంలో 40 డిగ్రీలు దాటడం మామూలు. తీరప్రాంతం నుంచి వచ్చినవారికి ఇది వేరే రకం వేడి. విశాఖలో 35 డిగ్రీలకే చొక్కా తడిసిపోతుంది. ఇక్కడ 42లో కూడా చర్మం పొడిగా ఉన్నట్టు ఉంటుంది. చెమట పట్టక కాదు, పట్టిన వెంటనే ఆవిరైపోతోంది. దాహం వెయ్యకముందే నీళ్ళు తాగడం ఇక్కడ నేర్చుకోవాల్సిన మొదటి అలవాటు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళకు, వాళ్ళకు దాహం తెలియడం తగ్గిపోతుంది కాబట్టి.

ఇదే పొడిదనం ఒక వరం కూడా. ఛత్తీస్‌గఢ్ ఇళ్ళ కిటికీలకు వేలాడే పెద్ద కూలర్లు దాని మీదే నడుస్తాయి. నీరు ఆవిరవ్వడానికి వేడి కావాలి, ఆ వేడిని గాలి నుంచే తీసుకుంటుంది. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం గాలిని ఈ పద్ధతిలో ఎంత చల్లబరచగలమో లెక్కిస్తే 24 డిగ్రీల దగ్గర హద్దు వస్తుంది. నిజమైన కూలరు అంత దూరం వెళ్ళకపోయినా 28, 29 దాకా తేగలదు. అదే జులైలో 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే హద్దు 29 దగ్గరే ఆగిపోతుంది. మూడు డిగ్రీల కోసం గదంతా చిత్తడి. అందుకే వానలు పడగానే కూలరు కట్టేసి ఫ్యాను వేసుకోవాలి. ఒక మీటరు వేగంతో తగిలే గాలి శరీరానికి దాదాపు మూడు డిగ్రీలు తక్కువగా అనిపిస్తుంది.

కూలరు వాడేవారు చేసే పెద్ద తప్పు తలుపులన్నీ మూసుకోవడం. తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే గంటలో గది నిండా తేమ నిండి కూలరు పనిచెయ్యడం మానేస్తుంది. ఎదురు కిటికీ రెండు చేతుల వెడల్పున తెరిచి ఉంచాలి. ఏసీలకు అలవాటైన ఇళ్ళవాళ్ళకు ఇది మింగుడు పడదు.

కూలరు పక్కల్లో పెట్టే గడ్డి పట్టీలను అక్కడి బజారులో "ఖస్" పేరుతో కూడా అమ్ముతారు. అది మరేదో కాదు, మన వట్టివేరు. పాత ఇళ్ళలో వేసవి మధ్యాహ్నాలు గుమ్మాలకు కట్టి నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తడికలు కూడా ఇదే భౌతికశాస్త్రంతో పనిచేశాయి. మామూలు గడ్డి పట్టీ కంటే ధర ఎక్కువ, త్వరగా నానిపోతుంది కూడా. అయినా కొనమనే అంటాను. పరాయి గదిలో ఒక తెలిసిన వాసన ఎంత పని చేస్తుందో కాసేపట్లో చూద్దాం.

పై అంతస్తులో ఉన్నవారు యజమానితో ఒక మాట మాట్లాడవచ్చు. డాబా మీద సున్నమో, తెల్లటి పూతో వేస్తే ఎండలో చాలా భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇదే ఆలోచనతో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. పూత ఖర్చు యజమానిది, చల్లదనం అద్దెదారుది కావడంతో ఈ బేరం సులువుగా తెగదు. సగం సగం అంటే కొందరు ఒప్పుకుంటారు.

గది మోగుతోంది

ఖాళీ ఫ్లాటులో చప్పట్లు కొట్టి చూడండి. ఒక ఝంకారం వినిపిస్తుంది. నున్నటి టైల్సు, ప్లాస్టరు గోడలు, గాజు, లామినేటు చెక్క, వీటిలో ఏదీ ధ్వనిని మింగదు. హార్వర్డ్‌లో వాలస్ సబీన్ 1895లో ఒక ఉపన్యాసశాలలో మాట అర్థం కాకపోవడానికి కారణం వెతుకుతూ, థియేటరు నుంచి కుర్చీ మెత్తలు తెప్పించి పరుస్తూ, తీస్తూ దీనికి సూత్రం కనిపెట్టాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం ధ్వని శోషణతో భాగిస్తే శబ్దం అణగడానికి పట్టే సెకన్లు వస్తాయి.

నాలుగు మీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు, మూడు ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. ఘనపరిమాణం 42. గోడలు, నేల, కప్పు కలిపి 73 చదరపు మీటర్లు, సగటున 3 శాతమే శోషణ అనుకుంటే దాదాపు 3 సెకన్లు వస్తుంది. గుడి మండపానికి సరిపోయే ప్రతిధ్వని. ఆరు చదరపు మీటర్ల బరువైన పరదాలు మడతలతో వేలాడదీసి, దూదిపరుపు ఒకటి, రెండు బొంతలు చేరిస్తే సెకను లోపలికి వస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా ఆ తేడా మన చెవికి ఇట్టే తెలుస్తుంది. పిల్లల కేకలు, కుక్కరు ఈల, పళ్ళెం పడిన చప్పుడు ఒక్కసారిగా సాధారణ స్థాయికి దిగుతాయి. ఇంటి నుంచి మోసుకు రావాల్సిన వస్తువేదైనా ఉందా అంటే పాత చీరలతో కుట్టిన బొంతలని చెబుతాను. అవి ధ్వనినీ మింగుతాయి, ఎవరివో తెలిసిన వాసనా ఇస్తాయి.

పరదాలు గది లోపలి మోతను తగ్గిస్తాయి కానీ బయటి రైలును ఆపవు. బొగ్గు వ్యాగన్ల గూడ్సు ఇచ్చే లోతైన గడగడ మందపాటి గోడలనూ దాటుతుంది. ఇక్కడ ఉపయోగపడేది సందులు మూయడం. కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య పెన్సిలు మందం ఖాళీ ఉన్నా శబ్దం నీళ్ళలా లోపలికి వస్తుంది. అంటించి మళ్ళీ తీసెయ్యగలిగే రబ్బరు పట్టీ చాలు. రైళ్ళ శబ్దం రాత్రి సగటున 44 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో సూచించింది. రైల్వే కాలనీలో పెరిగినవాళ్ళు "మాకు రైలు కూత లేకపోతేనే నిద్ర పట్టదు" అంటుంటారు. అది సగమే నిజం. కొన్ని వారాలకు మెలకువ రావడం తగ్గుతుంది, కానీ శబ్దం వచ్చిన ప్రతిసారీ గుండె వేగం కాస్త పెరగడం అంత సులువుగా తగ్గదని అధ్యయనాలు చెబుతున్నాయి. మనం మరిచిపోయినా మన గుండె వింటూనే ఉంటుంది.

పోపు వాసన

చూసినవి, విన్నవి, తాకినవి అన్నీ మెదడులో థాలమస్ అనే కూడలి మీదుగా వెళ్తాయి. వాసన ఒక్కటే ఆ కూడలిలో ఆగకుండా, భావోద్వేగాలతో, జ్ఞాపకాలతో పనిచేసే భాగాల దగ్గరికి నేరుగా వెళ్తుంది. మనకు దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. వాటి జన్యువులను కనిపెట్టినందుకే రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే "ఇది మనది కాదు" అని మొదట చెప్పేది ముక్కే. మంచి విషయం ఏమిటంటే ముక్కు త్వరగా అలవాటు పడుతుంది. వేరే ఊరు వెళ్ళి వచ్చాకగానీ మన ఇంటి వాసన మనకు తెలియదు.

పోపు పెట్టడం దీనికి మంచి మందు. ఆవాల్లో సినిగ్రిన్ అనే పదార్థం, దాన్ని ఘాటుగా మార్చే ఎంజైము వేర్వేరు అరల్లో ఉంటాయి. మరిగే నూనెలో ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయి. అదే పచ్చి ఆవపిండికి మామిడి ముక్క తడి తగిలితే ఎంజైము పనిచేసి ముక్కుపుటాలు అదిరే ఘాటు పుడుతుంది. అది ఆవకాయ. ఒకే గింజకు రెండు వాసనలు. ఫర్నిష్డ్ వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేస్తోందో లేదో మాత్రం ముందు చూడండి, నూనె పొగలో, అగరుబత్తి పొగలో ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్నని రేణువులుంటాయి.

పొరుగింటివారితో మాట కలపడానికీ వంటే దారి. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున తినేదాన్ని అక్కడ "బోరే బాసీ" అంటారు. 2022లో మే 1న దాని పేరుతో రాష్ట్రమంతా వేడుక చేశారు. మన చద్దన్నానికి తోబుట్టువు. రెండింటిలోనూ పనిచేసే లాక్టిక్ ఆమ్లపు సూక్ష్మజీవులకు భాష తేడా లేదు.

అమ్మ మంచం ఎటువైపు

ఇప్పటిదాకా చెప్పినవి కుదరకపోయినా వయసులో ఉన్నవారికి పెద్ద నష్టం లేదు, నెలకో రెండు నెలలకో సర్దుకుంటారు. కొడుకు బదిలీతో పాటు ఊరు వదిలి వచ్చిన డెబ్బై ఐదేళ్ళ తల్లి సంగతి వేరు. ఆమెకు హిందీ రాదు, లిఫ్టు బటన్లు తెలియవు, పగలంతా ఫ్లాటులో ఒక్కతే.

మనం ఎక్కడున్నామో గుర్తుపట్టే "స్థాన కణాలు" మెదడులోని హిప్పోకాంపస్‌లో ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో చూపించాడు. 2014 నోబెల్‌లో ఆయన వాటా అందుకే. వయసుతో పాటు కొత్త చోటు పటాన్ని మెదడులో గీసుకోవడం నెమ్మదిస్తుంది. దానికి తోడు కళ్ళు. అరవై ఏళ్ళకు కంటి కటకం పసుపు తిరిగి, కనుపాప చిన్నదై, ఇరవై ఏళ్ళప్పటితో పోలిస్తే వెనక తెరకు చేరే కాంతి సుమారు మూడోవంతే ఉంటుంది. రాత్రి రెండింటికి బాత్రూముకు లేచిన మనిషి పాత ఇంటి అలవాటు చొప్పున ఎడమవైపు తిరుగుతుంది. అక్కడ గోడో, గాజు టీపాయో ఉంటుంది. తుంటి ఎముక విరిగే దుర్ఘటనలు ఇలాగే జరుగుతాయి.

అందుకే ఆమె మంచాన్ని అందం చూసి వెయ్యకూడదు. పాత ఇంట్లో మంచం దిగితే బాత్రూము ఏ చేతివైపు ఉండేదో, ఇక్కడా వీలైనంతవరకు అదే వైపు రావాలి. దారిలో టీపాయి, జారే పట్టా, చార్జరు వైరు ఉండకూడదు. నేలకు దగ్గరగా ఒక పసుపు రాత్రిదీపం, అది నిద్రను చెడగొట్టదు. సోఫాలు లోతుగా, మెత్తగా ఉంటే లేవడం కష్టం. గట్టి చేతుల కుర్చీ ఒకటి విడిగా కొనడం మేలు. యజమాని గాజు టీపాయి మంచం కిందికి పోవాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. ఒక అంతస్తువారికి గది ఎలా సర్దుకోవాలో, ఏ రోజు సినిమా చూడాలో మీరే నిర్ణయించుకోండి అన్నారు. తలా ఒక మొక్క ఇచ్చి, దాన్ని మీరే చూసుకోవాలన్నారు. మరో అంతస్తువారికి కూడా అవే సౌకర్యాలు, మొక్కలు ఇచ్చారు, కాకపోతే అన్నీ సిబ్బందే చూసుకుంటారని చెప్పారు. మూడు వారాలకు మొదటి జట్టువారు ఎక్కువ చురుగ్గా, సంతోషంగా కనిపించారు. ఏడాదిన్నర తరువాత మరణాలు మొదటి జట్టులో 15 శాతం, రెండో జట్టులో 30 శాతం. ఈ చివరి లెక్కకు తరువాత సవరణ ప్రకటించాల్సి వచ్చింది, తేడా మొదట చెప్పినంత గట్టిది కాదు, మనుషుల సంఖ్యా తక్కువే. మరణాల మాట పక్కన పెట్టినా, తన చుట్టూ ఉన్న చోటు మీద తనకు అధికారం ఉందనే భావన పెద్దవాళ్ళకు మేలు చేస్తుందని ఆ తరువాత చాలా పరిశోధనలు చెప్పాయి.

ఫర్నిష్డ్ ఫ్లాటులో ఆ అధికారమే మొదట పోతుంది. పోపుల పెట్టె ఏ అరలో ఉండాలో, దేవుడి పటాలు ఏ మూలకు రావాలో, బాల్కనీలో తులసి కుండీ ఎటు పెట్టాలో మనం సర్దేసి ఆమెకు చూపించడం ప్రేమే కావచ్చు. ఆమెనే సర్దనివ్వడం ఇంకా మంచిది. రెండు రోజులు ఎక్కువ పట్టినా, ఉప్పు డబ్బా మనకు అందని చోట పెట్టినా సరే. మొక్కకు నీళ్ళు పోయడం కూడా ఆమెకే వదలండి.

యజమాని సామాను

మనం చేతులతో చేసినదాని మీద మనకు ఎక్కువ మమకారం ఉంటుందని 2012లో మైఖేల్ నార్టన్, డేనియల్ మోకాన్, డాన్ ఏరియెలీ ప్రయోగాలతో చూపించారు. తాము మడిచిన వంకర కాగితపు బొమ్మకు జనం నిపుణులు చేసినవాటికి దగ్గరగా వెల కట్టారు. అద్దె ఇంటికి ఇది పనికొచ్చే విషయం. బొమ్మలు కొనడం కంటే ఏదైనా ఒకటి చెయ్యండి. సోఫాకు పాత నేత చీరతో తొడుగు కుట్టండి, గుమ్మం ముందు ముగ్గు వెయ్యండి, పుస్తకాలకు ఇటుకలు, పలకతో అర పేర్చండి. మేకులు అక్కర్లేదు.

పరుపు గురించి ఒక హెచ్చరిక. ముందున్నవారు వాడిన పరుపులో దుమ్ము పురుగులు ఉంటాయి, అవి వానాకాలపు తేమలో పెరుగుతాయి, ఉబ్బసం ఉన్నవారిని బాధిస్తాయి. దిగిన వారంలో పరుపును మంచి ఎండలో ఆరబెట్టి, కొత్త మందపాటి తొడుగు వెయ్యండి. దిండు తొడుగులు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికితే పురుగులు చస్తాయి. దిండ్లు మాత్రం మనవే తెచ్చుకోవాలి.

దిగిన రోజే ప్రతి గదిని, ప్రతి గీతను, ప్రతి మరకను ఫొటో తీసి యజమానికి పంపండి. మంచం జరిపినా, టీపాయి దాచినా మళ్ళీ ఏది ఎక్కడ పెట్టాలో ఆ ఫొటోలే చెబుతాయి, అడ్వాన్సు దగ్గర గొడవా రాదు. ఖాళీ చేసేటప్పుడు దాచిన తెల్ల బల్బులు తిరిగి బిగించి, రబ్బరు పట్టీలు ఊడదీసి, చివరగా కూలరు తొట్టి సంగతి చూడాలి. నీళ్ళు ఒంపేస్తే సరిపోదు. డెంగీ దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని నెలల తరబడి పొడిగానే బతుకుతాయి. మళ్ళీ నీళ్ళు తగిలితే వారం, పది రోజుల్లో దోమలవుతాయి. కొబ్బరిపీచుతో గోడలు గీకి తోమి, ఎండలో బోర్లించి వెళ్ళండి. వచ్చే వేసవిలో ఆ కూలరు వేసుకునేది ఇంకో బదిలీ కుటుంబం.